పచ్చి స్లాబు విన్న మాట

గోనెసంచిలో మూటగట్టిన కాంక్రీటు పెళ్లను నెత్తిన పెట్టుకుని కాశమ్మ ఆటో దిగి లోపలికి నడుస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"ఇది ప్రయోగశాల అమ్మా. చెత్త పడేసే జాగ కాదు."

"చెత్త గాదు నాయినా," అంది కాశమ్మ. "మా ఆయన."

వాచ్‌మన్ ఒకడుగు వెనక్కి వేశాడు. అతన్నని లాభం లేదు. పొద్దున లేస్తే ఎందరినో చూసే ఉద్యోగం, ఇలాంటి జవాబు మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. అంతలో డాక్టర్ ఇందుమతి మెట్లు దిగి గబగబా వచ్చింది. మూటను తానే అందుకోబోయి, బరువు తెలిసి ఆగిపోయింది. కాశమ్మ పెళ్లికి ముందునుంచీ కాంక్రీటు తట్టలు మోసిన మనిషి. "నువ్వు మొయ్యలేవు బిడ్డా, తలుపు దియ్యి" అని ముందుకు నడిచింది.

ఇందుమతి చదువంతా సిమెంటు మీదే. గోడలకు పగుళ్లు ఎందుకొస్తాయో తెలుసుకుందామని ఒక యంత్రం తయారు చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఈమె ఎలుక కోసం తవ్వితే కొండ బయటపడింది. సిమెంటు గట్టిపడే వేళ ప్రతి కంకర రాయి చుట్టూ కంటికి ఆనని సూదులు పొరలు పొరలుగా పెరుగుతాయి, ఉల్లిగడ్డ పొరల్లాగా. పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ సూదులు వణుకుతాయి. వణుకుతూనే గట్టిపడిపోతాయి. లోపలి పొర నుంచి మొదలుపెట్టి వాటిని వరుసగా చదివితే, స్లాబు పచ్చిగా ఉన్న ఆ కొన్ని గంటల్లో దాని పక్కన పలికిన మాట మళ్లీ పలుకుతుంది. కాకపోతే ఒక్కసారే. చదివిన పొర చదివినట్టే పొడి అయి రాలిపోతుంది, మిగిలేది యంత్రం పట్టుకున్న రికార్డు మాత్రమే.

నమ్మకం కుదరడానికి ఇందుమతి ముందు వేరే ముక్క వినిపించింది. పడగొట్టిన ఏదో పాత బడి మెట్టులోనిది. గరగరల మధ్య ఒక కుక్క మొరిగింది. తట్టలందించుకునే ఆడవాళ్ల పాట ఒకటి సన్నగా వచ్చి, సగంలో ఎవరో మేస్త్రీ కసిరితే ఆగిపోయింది.

కాశమ్మ ఆశ్చర్యపోతుందనుకుంది ఇందుమతి. కాశమ్మ తల ఊపి ఊరుకుంది.

"గోడలకు చెవులుంటయని పెద్దలు వట్టిగనే అన్నరా. మరి మాదెప్పుడు ఇనిపిస్తవు?"

ఇందుమతి సంచి విప్పి చూసింది. స్లాబు అంచు ముక్క అది. పైన మేకుతో గీసిన తారీకు ఉంది. కాశమ్మ భర్త అంజిలప్పకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. ఏ స్లాబు పోసినా సాయంత్రం దాని మూలన కూర్చుని, ఫోన్లు మాట్లాడుకుంటూ, పచ్చి సిమెంటు మీద మేకుతో తారీకు గీసి గానీ దిగేవాడు కాదు. చివరికి అతని మీదే కూలిపోయిన భవనం పెళ్లలన్నిటినీ, కట్టించిన కంపెనీ లారీలకెత్తించి ఊరవతల పాడుబడ్డ క్వారీలో పోయించింది. విచారణ జరుపుతున్న జడ్జిగారు ఈ యంత్రం సాక్ష్యం వినడానికి ఒప్పుకున్నారు గానీ, పనికొచ్చే ముక్క ఎక్కడుందో ఎవరికి తెలుసు? కాశమ్మ ఆ క్వారీలో ఎండనక వాననక వెతికి, ఆ తారీకున్న ముక్కను పట్టుకుంది.

"వారం పడుతుందమ్మా," అంది ఇందుమతి.

"పట్టనియ్యి. ఆయన తప్పు చెయ్యలె. ఆయన నోటితోనే చెప్పిపియ్యాలె. నాకింకేం వద్దు."

*

గోడలను యంత్రాలే పోసి నిలబెడుతున్న కాలం ఇది. స్లాబు కింద దాన్ని మోసే ఇనుప ఊతం, జాకీ, నిలబెట్టి, మట్టం చూసి, బిగించేది మాత్రం ఇంకా మనిషే. ఆ మనిషి ఎవరి మనిషి అని అడిగితే మాత్రం ఎవరూ మావాడని చెప్పరు.

బోర్డు మీద పేరు పెద్ద కంపెనీది. ఆ కంపెనీకి సొంతంగా ఒక తాపీ లేదు, ఒక జాకీ లేదు. పనిని ఇంకో కంపెనీకి ఇచ్చింది. వాళ్లు స్లాబుకు ఊతం కట్టే సెంట్రింగ్ పనిని మరొకాయనకు ఇచ్చారు. ఆ మరొకాయనకు కారుంది, రెండు ఫోన్లున్నాయి, కూలీలు మాత్రం లేరు. అందుకని ఆయన దాన్ని కోస్గి దిక్కు నుంచి వచ్చిన అంజిలప్ప మేస్త్రీకి ఇచ్చాడు. అంజిలప్ప కింద ఇచ్చుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి పని చేశాడు. భవనం లేచి నిలబడితే పేరు ఒక్కొక్క మెట్టే పైకి పాకుతుంది. కూలిందా, తప్పు ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఊరికే అనలేదు.

నాలుగో అంతస్తు స్లాబు పోసిన మూడో నాడు అది మూడో అంతస్తు స్లాబు మీద కూర్చుంది. ఆ రెండూ కలిసి కిందికి వచ్చాయి. ఏదో చప్పుడు విని, జాకీలు బిగిద్దామని కిందికి పరుగెత్తిన అంజిలప్పా, అతని వెనకే పరుగెత్తిన గ్యాంగు మనిషి బాలప్పా ఆ కిందే ఉండిపోయారు. మూడో అంతస్తు కింద నడిమి వరుసలో సగం జాకీలు లేవని తేలింది. సబ్ కాంట్రాక్టరు అంజిలప్ప ఎవరికీ చెప్పకుండా విప్పుకుపోయాడు, మాకు తెలియదు అంది కంపెనీ. ఆ మాట అన్నది పైవాడు, కాదనాల్సినవాడు బతికి లేడు.

కాశమ్మకు అంతకన్నా పెద్ద దెబ్బ పక్కింట్లోనే తగిలింది. బాలప్ప భార్య మొగులమ్మ ఆమెకు తోబుట్టువు లాంటిది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద గ్యాంగుకంతా వండినవాళ్లు. దినాలు కాగానే మొగులమ్మ తన గిన్నెలు తాను ఏరుకుని పోయింది. బస్తీ నల్లా దగ్గర కాశమ్మ వస్తే బిందె సగం నిండినా ఎత్తుకుని వెళ్లిపోయేది. ఒకసారి మాత్రం, అదీ కాశమ్మ మొహం చూడకుండా, నల్లాతో చెప్పినట్టు చెప్పింది.

"మీ ఆయన జాకీలు గుంజె. మా ఆయన పానం పోయె."

ఆ మాట కాశమ్మకు అన్నం సయించనివ్వలేదు. కట్టుకున్నవాడు పోయిన దుఃఖం ఒకటి. వాడి వల్లే ఇంకొక ఇల్లు కూలిందని రోజూ వినాల్సి రావడం మరొకటి. మొదటిది ఎలాగో మోయవచ్చు, రెండోది మోయడం ఆమెకు చేత కాలేదు.

*

కబురు రాగానే కాశమ్మ ప్రయోగశాలకు పోయి, పీట మీద కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఇందుమతి మీట నొక్కింది. చాలాసేపు పారలు గీకుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. తర్వాత, ఎదురింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా, కొంచెం బొంగురుగా ఆ గొంతు వచ్చింది.

"జర చూస్కొని నడువుండ్రి సార్, అంచు మీద తొక్కకుండ్రి."

కాశమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మేస్త్రీ, కింది ఫ్లోర్ జాకీలు రేపు విప్పించి పైకి పంపించు," అంది ఇంకో గొంతు. సైటు ఇంజనీరుది. "వచ్చే వారం ఐదో స్లాబు పడిపోవాలి."

"గట్లెట్ల ఇప్పుత సార్? నెత్తిమీద పచ్చి స్లాబున్నది. కింద జాకీలు దీస్తే రెండూ కలిసి కూసుంటయ్."

"నీకొక్కడికే తెలుసా పని? కొత్త జాకీలు తెప్పించే టైం లేదు."

"తెప్పియ్యుండ్రి, తెప్పియ్యకపోండ్రి. నేనైతే ఇప్పను. నా మనుషులు కింద తిరుగుతరు సార్. మీకంత తొందరుంటే ఇంకో మేస్త్రీని దెచ్చుకోండ్రి."

ఇంజనీరు గొణుక్కుంటూ దూరమయ్యాడు. ఇందుమతి యంత్రాన్ని ఆపింది. కాశమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ఎక్కువో ఆమెకే తెలియడం లేదు.

"ఇన్నవా బిడ్డా? ఇప్ప అన్నడు. ఇంజనీరు మొహం మీదనే అన్నడు."

"విన్నానమ్మా. విచారణకు ఇది చాలు," అంది ఇందుమతి. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. ఈ యంత్రం చేసినప్పటినుంచీ ఆమె తన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చోవడం మానేసింది. ఎవరెవరి ఏడుపులు ఏ గోడలో ఉన్నాయో అన్న భయం. మంచి మాట ఒకటి రాయిలోంచి రావడం ఆమెకూ కొత్తే.

ఆ సాయంత్రం కాశమ్మ నేరుగా మొగులమ్మ గడపలోకి వెళ్లి నిలబడింది. విన్నది విన్నట్టు చెప్పింది. మొగులమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. చేతులు ఆగిపోయాయి.

"నా మనుషులు కింద తిరుగుతరు అన్నడా అక్కా?"

"అన్నడే. గట్లనే అన్నడు."

మొగులమ్మ చేట పక్కకు నెట్టి, కాశమ్మ మోకాళ్లు పట్టుకుని, ఇన్నాళ్లూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. అన్న దేవుడసొంటోడు, నా నోరు పడిపోను, అని తనను తాను తిట్టుకుంది. కాశమ్మ ఆమె తల నిమిరింది. మర్నాడు నల్లా దగ్గర మొగులమ్మే కాశమ్మ బిందె ఎత్తి చంకన పెట్టింది. బస్తీ అంతా చూసింది. చాన్నాళ్లకు ఆ రెండిళ్లకూ కలిపి ఒకే పొయ్యి వెలిగింది. వేరే సైటులో మేస్త్రీగా ఉన్న కాశమ్మ తమ్ముడు కుర్మయ్య కూడా వచ్చి తిని, బావ మొండితనం నాకెరికే గద అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండు.

*

విచారణ ఇంకో వారం ఉందనగా కాశమ్మ మళ్లీ ప్రయోగశాల గేటు దగ్గర నిలబడింది. ఈసారి వాచ్‌మన్ లేచి కుర్చీ వేశాడు.

"పని అయిపోయింది కదమ్మా. మిగిలిన ముక్క మీకు ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను," అంది ఇందుమతి.

"ఆ రాయిని ఏం జేసుకుందు బిడ్డా. దాంట్ల ఇంకా ఆయన మాటలుండె గద? ఇంకొంచెం ఇనిపియ్యి. కూలోళ్లను దిట్టినా సరే, బీడీలడిగినా సరే. ఆ గొంతు ఇని పోత."

ఇందుమతికి కాదనడానికి కారణం కనపడలేదు. మిగిలిన పొరలను యంత్రం ముందు పెట్టింది. కాశమ్మ ఈసారి కుర్చీలో వెనక్కి జారి, పండక్కి పుట్టింటికొచ్చిన పిల్లలా కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చుంది.

"ఆఁ, చెప్పు కాశీ," అంది రాయి.

తన పేరు వినగానే కాశమ్మ సిగ్గుపడింది. ఫోన్ మాట అది. అవతలి మాట అంజిలప్ప చెవికే వినపడింది, స్లాబుకు వినపడలేదు. అందుకని అతను ఒక మాట అని ఆగుతున్నాడు, మళ్లీ అంటున్నాడు.

"తిన్న, తిన్న. బాలప్పైతే రెండుసార్లు తిన్నడు... ఏడున్నవు?... ఆఁ... ఏమంటుండు?... ఎన్ని తక్కువైనయంట?... ఇప్పటికిప్పుడు నేనేడికెల్లి దేవాలె కాశీ... ఏడ్వకు. ఏడ్వకే పిచ్చిదానా... సరే. పంపిస్త. రేపే పంపిస్త. నీ మాట ఎన్నడన్న కాదన్ననా?... ఉంట మరి."

కాశమ్మ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఇందుమతి గమనించలేదు. ఆమె యంత్రం వైపే చూస్తోంది. మాటలు ఇంకా వస్తున్నాయి.

"బాలప్పా, ఇటు రా. రేపు పొద్దుగాల కింది అంతస్తుల నడిమి వరుస జాకీలు ఒకటిడిసి ఒకటి గుంజి, కుర్మయ్య సైటుకు పంపియ్యి."

"అన్నా! ఇప్పుడేగద ఇంజనీరుకు ఇప్ప అంటివి."

"ఆయన కంపెనీ. వీడు మనింటోడు. వాని స్లాబు ఆగితే పని గుంజుకుంటరంట. రెండు దినాలకు ఏమైతది, మల్ల తెచ్చి పెడదం. మీ వదినెకు చెప్పకు. మన గోదాంలయి అనుకోనియ్యి. ఈ స్లాబు కిందియని తెలిస్తే వద్దంటది."

"నేనెందుకు చెప్త అన్నా," బాలప్ప గొంతు నవ్వింది. "వదిన కూర తక్కువేస్తది. నేను గూడ జల్ది పోత ఇయ్యాల. పొద్దున మొగులమ్మ మీద వట్టిగనే గరమైన. ఏడ్చుకుంట కూసున్నదో ఏమో. పోయేటప్పుడు ఏమన్న తీస్కపోవాలె."

"తీస్కపో. మిర్చి బజ్జి తీస్కపో, ఇష్టం గద."

ఆ తర్వాత రాయిలో ఏమీ లేదు. స్లాబు గట్టిపడిపోయింది.

మేస్త్రీల్లో ఒక పద్ధతి ఉంది. జాకీలు బదులిచ్చుకుంటారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఒక ప్రాంతం వాళ్లైతే మాట చాలు, చుట్టమైతే మాట కూడా అక్కర్లేదు. పైవాడు సామాను ఇవ్వడు, గడువు మాత్రం ఇస్తాడు. కాబట్టి కిందివాళ్లు ఒకరి కాళ్లు విరిచి ఇంకొకరికి ఊతకర్రలిచ్చుకుంటూ బతుకు నెట్టుకొస్తారు. వందసార్లు ఏమీ కాదు. ఈసారి పచ్చి స్లాబు మీద కంపెనీ ఐదో అంతస్తు ఇనుమంతా దింపింది. అది దింపకపోతే నిలబడేదేమో. జాకీలు తీయకపోయినా నిలబడేదేమో. ఎవరు చెప్పగలరు?

కాశమ్మ అవేమీ ఆలోచించడం లేదు. "గోదాంలయని చెప్పిండు," అంది నెమ్మదిగా. "ఆ రాత్రి నాకు గోదాంలయనే చెప్పిండు."

ఇందుమతి లేచి తలుపు మూసి వచ్చింది.

"అమ్మా, ఈ పొరలు పొడైపోయాయి. రికార్డు నేను బయట పెట్టకపోతే ఇంకెవరూ వినలేరు. మనిద్దరం తప్ప ఎవరూ వినలేదు. మొదటి భాగం ఒక్కటే నేను ఇస్తాను. అందులో ఉన్నది అబద్ధం కాదు. ఇంజనీరు విప్పమన్నది నిజమే, ఆయన కాదన్నది నిజమే." తన యంత్రం సగం మాట చెప్పడం ఇందుమతికి ఇష్టం లేదు. ఈ మనిషిని ముక్కలు చేయడం అంతకన్నా ఇష్టం లేదు. "మీరు ఎలా అంటే అలా."

"మొగులమ్మ మీద వట్టిగనే గరమైన అన్నడు," అంది కాశమ్మ. "ఇన్నవా?"

"విన్నాను."

"అది ఆమెకు తెల్వదు. స్లాబు పోసిన దినం పొద్దున తిట్టిండు, మల్ల మంచిగ మాట్లాడకుండనే పానం పోయె అని నాతోని ఎన్నిసార్లు ఏడ్చిందో. ఆ మాట ఆమెది బిడ్డా. నాది గాదు, దాచిపెట్టుకునేతందుకు."

"ఆ ఒక్క మాటనే కోసి..."

"కోస్తే ముందు మాటేది, వెనక మాటేది అని అడగరా? ఏం సందర్భంల అన్నడని ఆమె అడగదా? బజ్జీలు తీస్కపొమ్మన్నదెవరు, ఎందుకక్కడ నిలబడి మాట్లాడుతున్నరు అంటే నేనేం చెప్పాలె?" కాశమ్మ లేచింది, మళ్లీ కూర్చుంది. "ఆయన పేరు నిలబెడతనని రాయి మోసుకొస్తి. ఇప్పుడు నా చేతుల్తోనే..."

ఇందుమతి వచ్చి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. కాశమ్మ అలాగే ఆ చేయి పట్టుకుని, ఎండ కిటికీ దాటి పోయేదాకా కూర్చుంది.

రాయిలో విన్నదీ, దాన్నంతా విచారణలో పెట్టిస్తాననీ కుర్మయ్యకు ఇంట్లో చెప్పింది. విన్నవాడు విన్నట్టే గోడ వారగా కూలబడ్డాడు.

"జాకీలకు బావ పచ్చరంగు పట్టీలుండె. గోదాంకెల్లి వచ్చినయనుకున్న అక్కా. అమ్మ మీద ఒట్టు."

"నిన్ను నేనేమన్ననా?"

"చెప్పకక్కా. బావ పోనే పోయిండు. చెప్తే తిరిగొస్తడా? ఆ కంపెనోళ్లకు పండగ. బస్తీల మనల్ని ఉండనియ్యరు. మొగులమ్మ మన మొహాన ఉమ్మేస్తది."

"ఉమ్మనియ్యి," అంది కాశమ్మ. కోపంగా కాదు. అలసిపోయినట్టు అంది. "నువ్వు నన్నడిగితివి, నేను ఆయన్నడిగితి, ఆయన ఇచ్చె. మన ముగ్గురం ఒకరి మీద ఒకరం పానం పెట్టుకున్నోళ్లం. బాలప్ప ఏం జేసిండురా నడుమ?"

కుర్మయ్య తల మోకాళ్ల మీద పెట్టుకుని, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టే ఏడ్చాడు. కాశమ్మకు వాడి మీద జాలి వేసింది. ఆ రోజు ఫోన్లోనూ సరిగ్గా ఈ జాలే కొంప ముంచింది.

*

విచారణ గది నిండా జనం. ముందు వరుసలో కంపెనీ వకీలు, ఆయన వెనక సైటు ఇంజనీరు. ఇటువైపు బస్తీ వాళ్లు. మొగులమ్మ ఉతికిన చీర కట్టుకుని కాశమ్మ పక్కనే, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఆ భుజం వెచ్చదనం కాశమ్మకు తెలుస్తూనే ఉంది. ఇంకాసేపే అనుకుంది.

మొదటి భాగం వినిపించినప్పుడు బస్తీ వాళ్లు చప్పట్లు కొట్టబోతే జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. ఇంజనీరు తల దించుకున్నాడు. మొగులమ్మ కాశమ్మ చేతిని గట్టిగా నొక్కింది.

"ఇంకా ఉంది సార్," అంది ఇందుమతి.

"ఆఁ, చెప్పు కాశీ," అంది అంజిలప్ప గొంతు. కొన్ని మాటలు కాగానే జడ్జిగారు ఆపమన్నారు.

"ఒకవైపు మాటే వస్తోంది. అవతల ఎవరు?"

కాశమ్మ లేచి నిలబడింది. మొగులమ్మ చేయి దానంతటదే జారిపోయింది.

"నేనే సారూ."

"మీరు ఏం మాట్లాడారో గుర్తుందా?"

"గుర్తుంది. ఊరికె చెప్తే సరిగ్గ రాదు సారూ. మొదటికెల్లి పెట్టుండ్రి. నడుమ నడుమ నేనంట."

జడ్జిగారు ఒక క్షణం ఆమెను చూసి, సరేనన్నట్టు తలూపారు.

"ఆఁ, చెప్పు కాశీ."

"తిన్నవా? కూరల ఉప్పు సరిపోయిందా?" అంది కాశమ్మ.

"తిన్న, తిన్న. బాలప్పైతే రెండుసార్లు తిన్నడు... ఏడున్నవు?"

"తమ్ముని కాడున్న."

"ఆఁ... ఏమంటుండు?"

"ఎల్లుండి స్లాబంట. జాకీలు తక్కువైనయని మొహం ఏలాడేసుకొని కూసున్నడు."

"ఎన్ని తక్కువైనయంట?"

"శానా తక్కువ. నువ్వే ఎట్లన్న సర్దాలె."

"ఇప్పటికిప్పుడు నేనేడికెల్లి దేవాలె కాశీ..."

"నాకు తెల్వదు. ఏడికెల్లన్న దే. అమ్మ సచ్చిపోయేటప్పుడు వాన్ని నా చేతుల పెట్టిపోయింది. వాని పని పోతే నేను..." కాశమ్మకు ఆ రోజులాగే ఏడుపొచ్చింది. ఆ రోజు కొంచెం కావాలనే ఏడ్చింది, ఏడిస్తే ఆయన కరుగుతాడని తెలిసి. ఈ రోజు అలా కాదు.

"ఏడ్వకు. ఏడ్వకే పిచ్చిదానా... సరే. పంపిస్త. రేపే పంపిస్త. నీ మాట ఎన్నడన్న కాదన్ననా?"

"ఎన్నడు అనలె," అంది కాశమ్మ.

"ఉంట మరి."

బాలప్పను పిలిచిన మాట వచ్చింది. నడిమి వరుస మాట వచ్చింది. ఒకటిడిసి ఒకటి అన్న మాట వచ్చింది. కంపెనీ వకీలు కుర్చీలో ముందుకు జరిగాడు. తర్వాత ఎవరూ ఎదురుచూడని ఆ నవ్వు గొంతు గదిలోకి వచ్చింది. మొగులమ్మ మొహం పైకెత్తింది. గరమైన, అంది ఆ గొంతు. ఏమన్న తీస్కపోవాలె, అంది. మిర్చి బజ్జి తీస్కపో, అంది ఇంకో గొంతు.

ఆ సాయంత్రం బాలప్ప బజ్జీలు తెచ్చాడు. ఏమీ అనకుండా పొట్లం పొయ్యి పక్కన పెట్టాడు. మొగులమ్మ అలక మీదుండి ముట్టుకోలేదు. మర్నాడు వాటిని కోళ్లకు వేసింది. ఆ సంగతి ఈ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

రికార్డు ఆగిపోయింది. వకీలు లేచి, "అయ్యా, దీంతో మా కంపెనీకి ఏ సంబంధమూ..." అని మొదలుపెట్టాడు. జడ్జిగారు కూర్చోమని సైగ చేశారు. ఆయన చూపు మొగులమ్మ మీద ఉంది. ఆమె లేచి నిలబడి ఉంది. బస్తీ వాళ్లు, ఇంజనీరు, ఇందుమతి, అందరూ ఆమె ఇప్పుడు ఏమంటుందో అని చూస్తున్నారు. కాశమ్మ ఒక్కతే చూడలేదు. తల వంచుకుని నిలబడింది. కొట్టినా తిట్టినా పడడానికే నిలబడింది.

"సారూ," అంది మొగులమ్మ. మళ్లీ అంది. "సారూ, ఇంకొక్కసారి పెట్టుండ్రి."

"చివరి భాగమా అమ్మా?"

మొగులమ్మ కాశమ్మ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏముందో కాశమ్మ తలెత్తితే గదా తెలిసేది.

"మొదటికెల్లి," అంది మొగులమ్మ. "అక్క గూడ చెప్పాలె."

ఇందుమతి మీట నొక్కింది.

"ఆఁ, చెప్పు కాశీ."

కాశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిన్నవా?" అంది. "కూరల ఉప్పు సరిపోయిందా?"